బిల్లు పడితేనే తిరిగే మిషను

చంద్రగిరి: ఒకప్పుడు పల్లె నుంచి టౌనుకు పోయి కరెంటు బల్బు కొంటే, అంగడాయన దాన్ని గోడకున్న హోల్డరులో పెట్టి, వెలిగించి చూపించి, ఆ తర్వాతే అట్టపెట్టెలో వేసి ఇచ్చేవాడు. వెలగని బల్బుకు ఎవరూ డబ్బివ్వరు. ఇప్పుడు ఇదే పద్ధతిని తిరగేసి దొంగల మీద ప్రయోగిస్తున్నారు. డబ్బు కట్టని మిషను తిరగదు. గల్లాపెట్టె దగ్గర బిల్లు పడితేనే దానికి ప్రాణం వస్తుంది.

వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు వాడే బ్యాటరీ డ్రిల్లు, బ్యాటరీ గ్రైండరు, బ్యాటరీ రంపం వంటి వాటి సంగతి ఇది. అమెరికాలో రెండు పెద్ద వ్యాపార సంస్థలు ఈ దారి పట్టాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ విలేకరి తిరిగిన అంగళ్లలో మాత్రం ఇది ఇంకా ఎక్కడా కనిపించలేదు. అయినా మనవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన విషయమే. చోరీ జరిగేది అంగట్లో అయినా, నష్టపోయేది అంగడాయన ఒక్కడే కాదు.

జీతంలో కోత

మా బంధువుల కుర్రవాడొకడు ఇంటర్ తప్పి టౌనులో ఒక హార్డ్‌వేర్ అంగట్లో పనికి చేరాడు. పొద్దున తాళాలు తీయడం, సరుకు దించడం, అడిగిన వస్తువు అందించడం అతని పని. ఆర్థిక సంవత్సరం చివర సరుకు లెక్క చూస్తుంటే ఒక బ్యాటరీ డ్రిల్లు పెట్టె తేడాగా అనిపించింది. విప్పి చూస్తే మిషను లేదు. దాని బదులు రెండు మేకుల పొట్లాలు ఉన్నాయి. ఎవరో పెట్టె విప్పి, మిషను తీసుకుని, బరువు తెలియకుండా మేకులు పెట్టి, మళ్లీ అంటించి పోయారు. అది ఏ రోజు జరిగిందో, ఎవరు చేశారో తేలలేదు. ఆ మూల కెమెరా కూడా లేదు.

ఆరు వేల పైచిలుకు సొత్తు. నెలకు ఐదు వందల చొప్పున కుర్రవాడి జీతంలో పట్టుకున్నారు. "నేనే తీసింటే ఆ పెట్టెను యాడన్నా పారేసుండనా మామా? మేకులు పెట్టి మళ్లా అదే బీరువాలో పెట్టుకుంటానా?" అని వాడు వాపోయాడు. వాడి మాటలో న్యాయం ఉంది. కానీ దొంగ ఎవరో తెలియనప్పుడు అందరికంటే తక్కువ జీతగాడి మీదికే అనుమానం పోతుంది. నాలుగు నెలలు కోత భరించి పని మానేశాడు. ఇప్పుడు మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోతున్నాడు.

ఆ తర్వాత ఆ అంగడాయన మిషన్లన్నిటినీ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. అడిగితే తీసి చూపిస్తారు. ఒక్కోసారి తాళంచెవి ఇంటి దగ్గరే ఉంటుంది. డ్రిల్లు లాంటి వస్తువును చేతిలో పట్టుకుని, బరువు చూసి, పిడి అమరిక చూసుకుంటే గానీ పనివాడు కొనడు. అద్దం వెనక నుంచి చూసి పక్క అంగడికి పోయేవాళ్లు ఎక్కువయ్యారని ఆయన బాధ. దొంగ ఒకసారి తీసుకుపోయింది ఒక మిషను. తాళం వల్ల రోజూ పోతున్న బేరం ఎంతో ఆయనకే తెలియదు.

దొంగకు ఇష్టమైన సరుకు

బ్యాటరీ మిషను దొంగకు అన్ని విధాలా అనుకూలం. చిన్నది, సంచిలో పడుతుంది. ఖరీదైనది. ఏ ఊళ్లోనైనా కొనేవాళ్లు ఉంటారు. బంగారంలాగా కరిగించే పని లేదు, బండిలాగా నంబరు పలక మార్చే పని లేదు.

ఈ మిషన్ల చరిత్ర మరీ పాతదేమీ కాదు. తీగ అక్కరలేని డ్రిల్లును అమెరికా కంపెనీ బ్లాక్ అండ్ డెకర్ 1961లో బజారులోకి తెచ్చింది. 1971లో అపోలో 15 యాత్రలో వ్యోమగాములు చంద్రుడి నేలను తొలిచింది కూడా బ్యాటరీతో నడిచే డ్రిల్లుతోనే. అయితే ఆనాటి బ్యాటరీలు బరువు, సత్తువ తక్కువ. లిథియం బ్యాటరీలు వచ్చాక మిషను తేలికైంది, బలం పెరిగింది. కరెంటు లేని తోటలో, బావి గట్టున, కొత్త ఇంటి పైకప్పు మీద కూడా పని ఆగదు. బ్యాటరీల సంగతి మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ పుణ్యమా అని ఇంటికొకరు బ్యాటరీల గురించి మాట్లాడగల ఊళ్లు మనకున్నాయి.

అమెరికాలో ఈ దొంగతనాలు ముఠాల స్థాయికి చేరాయి. నలుగురైదుగురు కలిసి వచ్చి, బండ్ల నిండా మిషన్లు ఎత్తుకుపోయి, ఇంటర్నెట్ అంగళ్లలో కొత్త సరుకుగా అమ్మేవారు. అక్కడి వ్యాపారులు కూడా మొదట చేసింది మన అంగడాయన చేసిందే. ఇనుప కటకటాలు పెట్టి తాళాలు వేశారు. అక్కడా గిరాకీలు విసుక్కున్నారు.

గల్లాపెట్టె దగ్గరే తాళంచెవి

ఇళ్ల సామాను, పనిముట్లు అమ్మే హోమ్ డిపో అనే సంస్థ 2021లో వేరే మార్గం ప్రకటించింది. మిషనును ఫ్యాక్టరీలోనే మూగదాన్ని చేసి పంపుతారు. గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టగానే బ్లూటూత్ ద్వారా, అంటే సెల్‌ఫోను నుంచి తీగ లేకుండా పాటలు పంపుకునే పద్ధతిలోనే, దానికి ఆదేశం అందుతుంది. అప్పుడు పని చేస్తుంది. డబ్బు కట్టకుండా ఎత్తుకుపోతే బ్యాటరీ పెట్టినా, మీట నొక్కినా ఉలకదు, పలకదు.

దాని పోటీదారు లోస్ సంస్థ 2022 డిసెంబరులో "ప్రాజెక్ట్ అన్‌లాక్" పేరుతో ఇలాంటిదే బయట పెట్టింది. వాళ్లు మిషను లోపల ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పు అమర్చారు. ఈ చిప్పు మనకు తెలియనిది కాదు. గాదంకి టోల్‌గేటు దగ్గర కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ బిళ్లలో ఉండేది ఇలాంటిదే. తిరుమల కొండకు పోయే వాహనాలకు అలిపిరి దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి దీన్ని తప్పనిసరి చేశారు. బిళ్లలో బ్యాటరీ ఉండదు. చదివే యంత్రం పంపే తరంగమే దానికి బలం ఇస్తుంది, అది తన నంబరు చెబుతుంది. లోస్ పద్ధతిలో గల్లాపెట్టె దగ్గర యంత్రం ఆ నంబరును చదివి, డబ్బు అందిందని తెలుసుకుని, మిషనుకు విడుదల ఇస్తుంది.

ఇందులో మరో మెలిక ఉంది. ఫలానా నంబరు మిషను అమ్ముడుపోయిందా లేదా అన్నది ఎవరూ దిద్దడానికి వీల్లేని, ఎవరైనా చూడగలిగే కంప్యూటరు ఖాతాలో రాస్తారు. మన పాడి పశువు చెవికున్న పసుపు బిళ్ల మీద 12 అంకెలు ఉంటాయి గదా, అలాంటిదే. ఆ నంబరును బట్టి ఆవు ఎవరిదో తెలిసినట్టు, ఈ నంబరును బట్టి మిషనుకు డబ్బు ముట్టిందో లేదో తెలుస్తుంది. ఎవరైనా చవకగా అమ్మజూపితే కొనేవాడు చూసుకోవచ్చు.

మా కుర్రవాడి సంగతికి ఈ పద్ధతిని అన్వయించి చూస్తే, దొంగ ఎవరో ఇదీ చెప్పదు. కానీ తిరగని మిషను కోసం పెట్టె విప్పి, మేకులు పెట్టి, మళ్లీ అంటించేంత శ్రమ ఎవరు పడతారు?

"ఒక వైరు కలిపితే సరిపోదా?"

ఈ సంగతి చెబితే మా పక్క ఊరి వడ్రంగి ఆచారి మొదట నవ్వారు. ఆయనకు యాభై ఏళ్లు దాటాయి. బాడిస, ఉలి, చేతి బర్మాతో పని నేర్చి, ఇప్పుడు బ్యాటరీ మిషన్లతో తలుపులు బిగిస్తున్నారు. "బండి తాళం పోతే మెకానిక్కు రెండు వైర్లు కలిపి స్టార్ట్ చేయడం లేదా నాయనా? దీనికీ ఒక వైరు కలిపితే సరిపోదా?" అని అడిగారు.

పాత రకం మిషనైతే ఆయన మాట నిజమే. అందులో బొగ్గు బ్రష్షులున్న మోటారు ఉంటుంది. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే తిరుగుతుంది. తాళాన్ని పక్కన పెట్టి తీగ కలపడం పని తెలిసినవాడికి ఎంతోసేపు పట్టదు. ఇప్పుడు వస్తున్న బ్రష్షులు లేని మోటారు అలా కాదు. దాని చుట్టలకు కరెంటును ఒకదాని తర్వాత ఒకదానికి, క్షణానికి ఎన్నోసార్లు మార్చి మార్చి ఇవ్వాలి. ఆ పని చేసేది లోపలి చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు. బోర్డు ఊరుకుంటే మోటారు కదలదు. తాళం ఉండాల్సింది ఆ బోర్డులోనే. వైరు కలిపి లాభం లేదు, బోర్డే మార్చాలి. బోర్డు మార్చే ఖర్చు, తిప్పలు చూసుకుంటే దొంగ సరుకు చవక అన్న మాట పోతుంది. ఇది విన్నాక ఆచారి నవ్వలేదు. "అయితే బ్యాటరీల మాటేమిటి?" అన్నారు.

అది మంచి ప్రశ్న. బ్యాటరీలు, చార్జర్లు విడిగానూ అమ్ముడుపోతాయి. ఒక కంపెనీ బ్యాటరీ అదే కంపెనీ డ్రిల్లుకూ, రంపానికీ, గ్రైండరుకూ సరిపోతుంది. మిషను తిరగకపోయినా పెట్టెలోని రెండు బ్యాటరీలు దొంగకు గిట్టుబాటే. తాళం మిషనుకే వేసి బ్యాటరీని వదిలేస్తే సగం పనే అయినట్టు.

సెల్‌ఫోన్లు నేర్పిన పాఠం

పనికిరాని వస్తువును దొంగ ముట్టడన్నది ఊహ మాత్రమే కాదు. ఆపిల్ కంపెనీ 2013 సెప్టెంబరులో తన ఫోన్లకు, యజమాని రహస్య సంకేతం లేకుండా ఇంకొకరు వాడుకోలేని తాళం పెట్టింది. తర్వాతి ఏడాదిలో ఆ ఫోన్ల చోరీలు శాన్‌ఫ్రాన్సిస్కోలో 40 శాతం, న్యూయార్క్‌లో 25 శాతం తగ్గాయని అక్కడి అధికారులు ప్రకటించారు. కాలిఫోర్నియా రాష్ట్రం చట్టమే చేసి, 2015 జులై 1 నుంచి తయారై అక్కడ అమ్మే ఫోన్లకు ఇలాంటి తాళం ఉండి తీరాలన్నది.

మన దేశంలో కేంద్ర టెలికం శాఖ నడిపే సీఈఐఆర్ అనే పట్టిక ఇదే కోవకు చెందినది. 2019లో మహారాష్ట్రలో, తర్వాత ఢిల్లీలో మొదలై, 2023 మే నెలలో "సంచార్ సాథీ" పేరుతో దేశమంతటికీ వచ్చింది. ప్రతి ఫోనుకూ 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. ఫోను పోయిందని ఫిర్యాదు చేసి ఆ నంబరును మూయిస్తే, ఏ సిమ్ వేసినా దేశంలో ఏ కంపెనీ టవరూ దాన్ని అనుమతించదు. సిమ్ వేసిన సంగతి పోలీసులకు తెలిసిపోతుంది. తిరుపతి జిల్లా పోలీసులు "మొబైల్ హంట్" పేరిట వాట్సాప్‌లో ఫిర్యాదులు తీసుకుని, దొరికిన ఫోన్లను విడతలవారీగా అప్పగించారు. బల్లల మీద ఫోన్లు వరుసగా పేర్చిన ఫోటోలు పాఠకులు పేపర్లలో పలుమార్లు చూసినవే. పాత ఫోను కొనేవాళ్లు కేవైఎం అని ఆంగ్ల అక్షరాల్లో కొట్టి, చోటు వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు సందేశం పంపితే ఫోను మంచిదో కాదో జవాబు వస్తుంది. ఇంత సులువైన పనిని కూడా చేసేవాళ్లు తక్కువే.

తాళాల విషయంలో ఇంకో అనుభవం ఉంది. అప్పటి పశ్చిమ జర్మనీ కార్ల స్టీరింగుకు తాళం తప్పనిసరి చేసింది. కొత్త కార్లకే కాదు, పాత కార్లకూ. చోరీలు బాగా తగ్గాయి. బ్రిటన్ 1971లో కొత్త కార్లకు మాత్రమే పెట్టింది. దొంగలు కొత్త కార్లను వదిలి పాత కార్ల మీద పడ్డారు. మన అంగళ్లకు రేపు ఏదో ఒక్క కంపెనీ తాళం మిషన్లు తెస్తే, పక్క అరలో తాళం లేని కంపెనీ పెట్టెలకు ఏ గతి పడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అన్నిటికీ ఇది మందు కాదన్న సంగతీ రైతులకు చెప్పాలి. మన దగ్గర ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ లాగడం, బోరు మోటారు కేబుళ్లు కోసుకుపోవడం పాత బాధ. మోటారుకు ఏ ఎలక్ట్రానిక్ తాళం పెట్టినా ఆ దొంగకు లెక్కలేదు. వాడికి కావాల్సింది తిరిగే మోటారు కాదు, కిలోల్లెక్కన అమ్మే రాగి.

మన దగ్గరికి వస్తే

ఈ తాళాల వల్ల నిజాయితీపరుడికి చిక్కులు రాకుండా చూడటం ముఖ్యం. గల్లాపెట్టె దగ్గర బిల్లు వేసి, మిషనుకు విడుదల ఇవ్వడం మరచిపోతే? కుప్పం దిక్కు పల్లె నుంచో, తలకోన కింద ఊరి నుంచో వచ్చినవాడు ఇల్లు చేరాక మీట నొక్కి తల పట్టుకుంటాడు. మళ్లీ బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోయినట్టే. కాబట్టి పాత బల్బు పద్ధతే మేలు. అంగట్లోనే తిప్పి చూసుకుని బయటికి రావాలి.

విడుదలకు ప్రతిసారీ నెట్‌వర్కు కావాలన్నా కష్టమే. టవరు అందని చోట్ల పని చేసేవాళ్లు మనలో చాలామంది. కొన్ననాడు ఒక్కసారి విడుదల ఇస్తే, ఆ తర్వాత దాన్ని మూసే అధికారం కంపెనీ చేతిలో ఉండకూడదు. డబ్బిచ్చి కొన్న వస్తువుకు తాళంచెవి అమ్మినవాడి దగ్గర ఉండటం ఈ విలేకరికి నచ్చని సంగతి.

మరొకటి. అంగడి తాళం వేరు, సొంతదారు తాళం వేరు. బిల్లు పడ్డాక మిషను ఎవరి చేతిలోనైనా తిరుగుతుంది. కట్టడం దగ్గర పనివాడి సంచిలోంచి ఎత్తుకుపోతే అంగడి తాళం ఏమీ చేయలేదు. మిల్వాకీ వంటి కంపెనీలు కొన్ని ఖరీదైన మిషన్లకు, యజమాని తన సెల్‌ఫోను నుంచే మూసుకునే ఏర్పాటు చేశాయి. మన పనివాళ్లు కొనే ధరలో అది ఉండాలి గదా!

ఏ తాళం వచ్చినా రాకపోయినా, చవకగా వస్తోందని ఊరూ పేరూ లేనివాడి దగ్గర మిషను కొనేవాళ్లు ఉన్నంతకాలం దొంగకు బజారు ఉంటుంది. అమెరికాలో 2023 జూన్ 27 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇంటర్నెట్ అంగళ్లలో పెద్ద ఎత్తున కొత్త సరుకు అమ్మేవాళ్ల వివరాలను ఆ అంగళ్లే సరిచూసుకోవాలి. మన దగ్గర టీ అంగడి ముందు అమ్మేవాడి వివరాలు చూసేదెవరు? దొంగ సొత్తు అని తెలిసి గానీ, అనుకోవడానికి కారణం ఉండి గానీ దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. 2024 జులై 1కి ముందు ఐపీసీలో ఇది 411వ సెక్షన్‌గా ఉండేది. ఇక అంగడాయన బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పు. 1915 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. పది రూపాయల మేకులకు ఎవరూ అడగరు గానీ, ఆరు వేల మిషనుకు అడగకపోవడం మన అలవాటు కావడం గమనార్హం.

ఆచారి సంగతితో ఇది ముగించాలి. గత వేసవిలో కొత్త ఇంటి పని దగ్గర ఆయన సంచి పోయింది. అందులో డ్రిల్లు, రెండు బ్యాటరీలు, ఆయన తండ్రి నాటి ఉలి ఉన్నాయి. ఠాణాకు పోతే మిషను నంబరు అడిగారు. పెట్టె ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. బిల్లు లేదు. కొన్న అంగడికి పోయి అడిగితే, ఆయన పాపం రెండు గంటలు పాత పుస్తకాలు తిరగేసి కార్బన్ కాపీ తీసి ఇచ్చారు. ఆచారి దాన్ని మడతపెట్టి జేబులోంచి తీసి ఈ విలేకరికి చూపించారు. తేదీ ఉంది, ధర ఉంది, ఆయన పేరు ఉంది. మిషను నంబరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.